బొటనవేలి కింద నాడి

ఈ కథ మొదలుపెట్టిన వారం నుంచి ఇవాళ్టి దాకా ఇందులో నేను కల్పించి రాసిన ముక్క ఆవగింజంతైనా లేదు. కావాలంటే భూతద్దం పెట్టి వెతుక్కోండి. కథలో ఊపు తగ్గినప్పుడల్లా ఒక పామునో, ఒక తుఫానునో, తప్పిపోయిన ఒక కవల సోదరుడినో తెచ్చి పడేసేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ అలవాటు లేదు. జరిగింది జరిగినట్టు రాయడం, మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోవడం, నాకు వచ్చిన విద్య అంతే.

కనుక పోయినవారం ఆపిన గుమ్మం దగ్గరికే నడుద్దాం. పరుపుల దుకాణం పైన మేడగది. పిండికట్టు వేసిన కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని అత్తగారు పడుకుని ఉంది. పక్కనే చిన్నకోడలు. వేడినీళ్ళ గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చిన పెద్దకోడలు తలుపు అవతలే కొయ్యబారిపోయింది. ఎందుకంటే లోపలి నుంచి అత్తగారి గొంతు, మామూలుగా వీధి చివర్లో ఉన్నవాళ్ళని కూడా ఉలిక్కిపడేలా చేసే గొంతు, దూదిలో చుట్టినట్టు మెత్తగా వినిపించింది.

"పెద్దదానికి మాత్రం తెలియనివ్వకే చిట్టీ."

గిన్నెలో నీళ్ళు చల్లారుతున్నాయి. పెద్దకోడలు వాటి వంక ఒక్క చూపు చూసేసరికి మళ్ళీ సలసల మరిగాయి. నమ్మకపోతే మీ ఇష్టం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఈ ఇంట్లో పరుపులు కుట్టి అమ్ముతారు. అత్తగారు పరుపుల దొంతర ఎక్కి పైదాన్ని సర్దుతూ కాలు జారింది. ఎటు తిరిగినా పరుపే తగిలే ఇంట్లో, పరుపు లేని జానెడు నేల ఎక్కడుందో వెతుక్కుని మరీ దాని మీద పడింది. కాలు విరిగింది. ఇద్దరు కోడళ్ళూ నర్సింగు కాలేజీ ప్రవేశపరీక్షకి చదువుతున్నారు. రాసే పరీక్ష ఒకటి, మనిషి దగ్గర నిలబడి చేసి చూపించే పరీక్ష ఒకటి. నాడి చూడాలి, జ్వరం చూడాలి, రోగిని మంచం దించకుండా కింద దుప్పటి మార్చాలి. కానీ దుకాణానికి ఒక కోడలు లేకపోతే గడవదు. అందుకని అత్తగారు ముందే తీర్పు చెప్పేసింది: "ఇద్దరూ రాయండి. సీటు ఎవరికొస్తే వాళ్ళు వెళ్ళండి. ఇద్దరికీ వస్తే ఎవరు వెళ్ళాలో నేను చెప్తాను."

పరీక్ష ఈ ఆదివారమే. చిన్నకోడలు ఈసారి తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు. పెద్దకోడలికి వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఇక ఆ కాలేజీ గేటు లోపలికి రోగిగా వెళ్ళాల్సిందే తప్ప మరో దారి లేదు.

ఆమె కడుపుమంట ఇవాళ పుట్టింది కాదు. నర్సు కావాలన్న ఆలోచన తనది. పాత ప్రశ్నల పుస్తకం సంపాదించింది తను. దాన్ని దిండు గలీబులో దాచి, దబ్బనంతో పరుపులు కుడుతూ, పెదాలు కదపకుండా ఎముకల పేర్లు వల్లె వేసింది తను. చిన్నకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గలీబు ఉతకడానికి తీసి, "ఇదేంటక్కా?" అని నిలబడే నాలుగు పేజీలు తిరగేసింది. ఆ నాలుగు పేజీలూ ఆ పూటే నోటికి వచ్చేశాయి. ఒకసారి కంట్లో పడితే చాలు, అచ్చు గుద్దినట్టు నిలిచిపోయే బుర్ర అది. చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. పెద్దకోడలికి మాత్రం మొట్టబుద్ధేస్తుంది.

ఇక రోగి సంగతి. మంచాన పడ్డ మర్నాడే అత్తగారు తన చేతులు, వీపు, నాలుక, పనికొచ్చేవన్నీ కోడళ్ళ సాధనకి అప్పగించేసింది. పొద్దున పెద్దదాని వంతు, సాయంత్రం చిన్నదాని వంతు. ఊరికే పడుకుని ఉంటే ఆవిడ ఎందుకవుతుంది? రోజుకో జబ్బు నటించేది. చిక్కంతా అక్కడే వచ్చింది. పొద్దున పూట పెద్దకోడలు నర్సు గొంతు పెట్టి, "ఏం ఇబ్బందిగా ఉందమ్మా?" అని అడిగితే, "కాలు విరిగిందమ్మా" అనేది. అంతటితో సరి. సాయంత్రం అయ్యేసరికి ఆవిడకి రాని రోగం ఉండేది కాదు. ఒకనాడు కామెర్లు, ఒకనాడు కళ్ళు తిరగడం. మొన్నటికి మొన్న ఉబ్బసం. ఆ రొప్పు, ఆ ఎగశ్వాస మెట్ల మీద నిలబడి విన్న పెద్దకోడలు, ఎంత బాగా చేస్తోందని ముందు మెచ్చుకుంది. మరుక్షణం ఏడుపు ముంచుకొచ్చి కిందికి పరిగెత్తింది.

కింద దుకాణంలో పెద్దకొడుకు, అంటే ఆమె మొగుడు, దూది ఏకే మిషను దగ్గర ఉన్నాడు. ఆ మిషను తిరుగుతున్నంతసేపు ఆయన నెత్తిన పిడుగు పడినా చెవిన పడదు. ఒళ్ళంతా దూది పట్టి, కళ్ళు మాత్రం కనిపిస్తూ, మంచుకొండ కింద దొరికిన మనిషిలా ఉంటాడు.

"మీ అమ్మ నాకు ఒక్క మంచి జబ్బైనా ఇవ్వట్లేదు!" అని అరిచింది.

"దబ్బనమా? అక్కడే ఉంది చూడు!"

"దానికి ఉబ్బసం! నాకేమో ఆ పాత కాలు!"

"పాతది ఎందుకు, కొత్త దబ్బనం తీసుకో!" అన్నాడు ఆ మహానుభావుడు.

ఇదంతా ఒక ఎత్తు, నాడి సంగతి ఒక్కటీ ఒక ఎత్తు. పొద్దున పూట ఒంటరిగా చూస్తే అత్తగారి నాడి కుదురుగా నడిచేది. టీ గ్లాసులు పట్టుకుని చిన్నకోడలు గడప తొక్కిందంటే చాలు, ఆ నాడి తాడు తెంచుకున్న దూడలా గంతులేసేది. ఒకసారైతే పొరపాటు అనుకుంటాం. ప్రతిసారీ అంతే. "ఏమైనా కావాలా అక్కా?" అని అది నవ్వితే ఇంకో గంతు. మనుషులు మాటల్లో దాచుకుంటారు, మొహంలో దాచుకుంటారు. నాడిలో ఎలా దాస్తారు? అత్తగారికి ఎవరు ముద్దో అత్తగారి మణికట్టే చెబుతుంటే ఇంకో సాక్ష్యం ఎందుకు?

దానికి తోడు ఇప్పుడు ఈ గుసగుస.

పెద్దకోడలు తలుపుని కాలితో తోసింది. లోపల ఇద్దరూ ఒకేసారి నోరు మూసుకున్నారు.

"ఏం, నేను రాగానే ఆపేశారే?"

"ప్రశ్నలు చదువుకుంటున్నాం అక్కా." చిన్నకోడలు గబుక్కున పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"తలకిందులుగా పట్టుకుంటే తొందరగా ఎక్కుతుందా?"

చిన్నకోడలు పుస్తకం తిప్పింది. అత్తగారు పైకప్పులో ఏదో చాలా ముఖ్యమైనది కనిపించినట్టు అటే చూడసాగింది.

"ఇలా ఇవ్వు. నేనడుగుతాను." పెద్దకోడలు గిన్నె కింద పెట్టి పుస్తకం లాక్కుంది. "రోగి అప్పుడే వేడి టీ తాగాడు. నోట్లో జ్వరం చూడొచ్చా?"

"కాసేపు ఆగి చూడాలి."

"చేతికి సెలైను ఎక్కుతోంది. రక్తపోటు ఏ చేతికి చూడాలి?"

"రెండో చేతికి."

"పక్క మీద కదల్లేని మనిషికి పుండ్లు పడకుండా?"

"పక్కకి తిప్పుతూ ఉండాలి, వీపు పొడిగా ఉంచాలి, దుప్పటి ముడతలు పడకుండా లాగి..."

"చాల్లే, అక్కడితో ఆపు. మొత్తం పుస్తకం అప్పజెప్పమనలేదు." పెద్దకోడలు పేజీలు విసవిసా తిప్పింది. కష్టమైనది ఒక్కటి దొరికితే బాగుండు! దొరికింది. గొంతు సవరించుకుని చదివింది. "తనకున్న బాధ ఒకటి డాక్టరుకి చెప్పొద్దని రోగి నర్సుని బతిమాలాడు. నర్సు ఏం చెయ్యాలి? ఒకటి, రోగి కోరినట్టు ఊరుకోవాలి. రెండు, ఆ రోగిని ఇంకో నర్సుకి అప్పగించాలి. మూడు, చెప్పక తప్పదని రోగికి నచ్చజెప్పి డాక్టరుకి చెప్పాలి. నాలుగు, చుట్టాలని పిలిచి రోగిని తిట్టించాలి."

పుస్తకంలో నాలుగోది కొంచెం వేరేలా ఉంది గాని ఆమెకున్న కోపంలో అలాగే చదివింది.

చిన్నకోడలు అత్తగారి వంక చూసింది. అత్తగారు పైకప్పు వదల్లేదు.

"ఒకటి," అంది చిన్నకోడలు.

"ఏంటీ?"

"ఊరుకోవాలి అక్కా. మాటిచ్చింది కదా."

"మాటిచ్చిందని ఇందులో ఎక్కడుంది? బతిమాలాడనే ఉంది."

"లేదా?" చిన్నకోడలి మొహం ఎర్రబడింది. "ఉందనుకున్నాను."

"మూడు! మూడే! ప్రాణం మీదికొస్తుంటే ఊరుకుంటారటమ్మా? నర్సనుకున్నావా, తలుపు గొళ్ళెమనుకున్నావా? ఉగ్గు తాగే పిల్లని అడిగినా చెబుతుంది!"

చిన్నకోడలు తప్పు చెప్పడం ఇదే మొదలు. ఆ హాయికి పెద్దకోడలు నేలకి బెత్తెడు ఎత్తున తేలిందని ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తేలుతూనే మంచం పక్కన పీట మీద కూర్చుంది.

"చెయ్యి ఇవ్వండి అత్తయ్యా."

"ఇవాళ ఏ జబ్బు కావాలే?"

"మీ దయ. అందరికీ పంచగా మిగిలిందేదో నా మొహాన కొట్టండి."

"కాలు విరిగింది."

"అదీ, నాకు రాసిపెట్టిందే."

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. పరుపులో దూది సమంగా నిండిందా, ఎక్కడైనా గుంట ఉందా అని చూడాలంటే బొటనవేలితో నొక్కి చూస్తారు. ఆ ఇంట్లో అందరి అలవాటూ అంతే. పెద్దకోడలు రోజుకి వందచోట్ల నొక్కేది. పైగా దబ్బనం నెట్టి నెట్టి మిగతా వేళ్ళ కొసలు కాయలు కాసిపోయాయి. మెత్తన, గట్టి తెలిసేది ఆ ఒక్క వేలికే. అత్తగారి మణికట్టు చేతికి రాగానే ఆ వేలు దానంతటదే దిగింది. రెండో చేత్తో మొగుడి గడియారం పట్టుకుంది.

చిన్నకోడలు వేడినీళ్ళ గిన్నె తీసుకుని బయటికి వెళ్ళింది. నాడి కుదురుగా ఉంది. పెద్దకోడలు ఊపిరి వదిలింది. అంతలో చిన్నకోడలు తువ్వాలుతో తిరిగి వచ్చింది. ఎప్పుడూ ఆ సమయంలో, "నాకు లెక్క తప్పుతుంది, వెళ్ళు" అని తరిమేసే పెద్దకోడలు ఇవాళ దాన్ని ఉండనిచ్చింది. అది మంచానికి అటువైపు వెళ్ళి, అత్తగారి నుదుటి మీది జుట్టు వెనక్కి తోసి, తడి తుడిచింది. అత్తగారు ఖాళీగా ఉన్న చేత్తో దాని చెంప నిమిరింది.

నాడి ఎగిరి దూకింది.

"వచ్చింది! అదిగో, వచ్చేసింది!" పెద్దకోడలు పీట తన్నేసి లేచింది, అత్తగారి చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఏం వచ్చిందే? ఎవరు వచ్చారు?"

"గంతు! అది గదిలోకి వచ్చినప్పుడల్లా మీ గుండె గంతులేస్తుంది. రోజూ చూస్తున్నాను. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజైనా నన్ను చూసి మీ నాడి కాస్త గబగబా కొట్టుకుందా అత్తయ్యా? రాయిలా ఉంటుంది. అది వస్తే పెళ్ళిబాజాలు! పెద్దదానికి తెలియనివ్వకే చిట్టీ, అని ఎందుకండీ ఆ దాపరికం? సీటు దానికే అని తేల్చేసుకున్నారు. చెప్పేస్తే నా దబ్బనం నేను పట్టుకునేదాన్ని కదా!"

అత్తగారు నోరు తెరిచింది. అంతకన్నా ముందు చిన్నకోడలు వంగి, ఆ పట్టుకున్న చేతి వంక చూసింది.

"అక్కా. నాడి ఏ వేలితో చూస్తున్నావు?"

"నా వేలితోనే. నీ వేలు అరువు అడగలేదుగా."

"బొటనవేలితో చూస్తున్నావు."

పెద్దకోడలు కిందికి చూసింది. అవును, బొటనవేలే. మూడు వేళ్ళతో చూడాలని ఆమెకి తెలియక కాదు. బొటనవేలిలో మన నాడే కొట్టుకుంటుంది గనక దానితో చూడకూడదని పుస్తకంలో ఏ పేజీలో, ఏ వైపు ఉందో కూడా తెలుసు. అది నోటికి వచ్చింది, చేతికి రాలేదు.

"ఏ వేలైతే ఏం? కొట్టుకుంటోందా లేదా?"

"కొట్టుకుంటోంది. ఈ మంచం కోడు పట్టుకో ఒకసారి."

"ఎందుకు?"

"పట్టుకో అక్కా, నా బంగారు కదూ."

పెద్దకోడలు మంచం కోడు మీద బొటనవేలు గట్టిగా ఆనించింది. టక్, టక్, టక్. ఎన్ని తరాల నాటి చెక్కో పాపం, దాని నాడి మహా జోరుగా ఉంది.

"మంచానికి కూడా నేనంటే ప్రాణమే చూశావా!" అంది చిన్నకోడలు.

ముందు అత్తగారు నవ్వింది. నవ్వితే ఆవిడ పొట్ట, దాని కింద పరుపు, పరుపు కింద మంచం వరసగా ఊగాయి. తర్వాత చిన్నకోడలు. చివరికి, ఎంత బిగబట్టినా, పెద్దకోడలి పెదాలు కూడా తప్పించుకుపోయాయి. కానీ నవ్వు సగంలో ఉండగానే లోపల ఏదో చల్లగా దిగింది. ఇన్నాళ్ళూ అత్తగారి ప్రేమ అనుకుని లెక్కపెట్టింది తన ఏడుపునా? అది గడప తొక్కినప్పుడల్లా ఎగిరింది తన గుండెనా? అంటే అత్తగారి నాడి ఎలా ఉంటుందో ఇంతవరకు తను ఒక్కసారి కూడా చూడలేదు!

"ఇటివ్వండి చెయ్యి. సరిగ్గా చూస్తాను," అంది.

నవ్వు ఠక్కున ఆగింది. అత్తగారు చెయ్యి దుప్పటి కిందికి లాక్కుంది.

"చాల్లేవే ఇవాళ్టికి. అలిసిపోయాను."

"పడుకున్న మనిషికి అలుపేంటి? ఇవ్వండి."

"రేపు చూద్దువు గాని."

"అత్తయ్యా." ఆమె దుప్పటి ఎత్తి ఆ చెయ్యి పట్టుకుంది. మూడు వేళ్ళూ బొటనవేలి వైపున్న గాడిలో ఆనించింది. కాయలు కాసిన వేళ్ళకి ముందు ఏమీ తెలియలేదు. కాస్త నొక్కింది, కాస్త వదిలింది. దొరికింది. మెత్తటి దెబ్బ, ఇంకో దెబ్బ, ఇంకోటి. ఆ తర్వాత రావాల్సింది రాలేదు. పరుపు అంచు కుడుతుంటే దారం జారి, మిషను సూది గుడ్డలోకి దిగి ఊరికే పైకి వచ్చేస్తుందే, అలా ఒక కుట్టు తప్పింది. వెంటనే రెండు తొందర దెబ్బలు. మళ్ళీ కుదురు. మళ్ళీ తప్పింది.

నా వేళ్ళ తప్పే అనుకుంది. చెయ్యి మార్చింది. అటు మణికట్టు పట్టుకుంది. గడియారం ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా చూసింది. అక్కడా కుట్లు తప్పుతూనే ఉన్నాయి.

"చిట్టీ, ఒకసారి నువ్వు చూడవే. నాకేదో..."

చిన్నకోడలు కదల్లేదు. చేతిలో తువ్వాలు మెలిపెడుతోంది.

"నేను చూడక్కర్లేదు అక్కా."

అప్పుడు తలెత్తి చూసింది పెద్దకోడలు. ఇద్దరి మొహాల్లోనూ ఆశ్చర్యం లేదు.

"ఉబ్బసం," అంది మెల్లిగా.

"నటన కాదక్కా. నేను నటన అనుకునే వీపు నిమురుతూ కూర్చున్నాను. ఎంతకీ ఆపలేదు. అప్పుడు చెయ్యి పట్టుకుని చూశాను."

"కాలు కూడా జారలేదే," అంది అత్తగారు, పైకప్పుతో మాట్లాడుతున్నట్టు. "కళ్ళు చీకట్లు కమ్మాయి. దొంతర మీద ఉన్నాను. తర్వాత నేల మీద ఉన్నాను. మధ్యలో ఏమైందో నాకే తెలీదు."

కాలు జారిందని మీకు చెప్పింది నేనే కదా అని నా మీద విరుచుకుపడకండి. ఇల్లంతటినీ నమ్మించిన ఆవిడ నన్నూ నమ్మించింది. దాన్ని నా కల్పనల ఖాతాలో వేయడం అన్యాయం.

"కట్టు వేసిన డాక్టరుకి చెప్పలేదా?"

"కాలు చూపించమన్నాడు. చూపించాను."

"మరి నాకు? దానికి చెప్పి నాకెందుకు చెప్పలేదు?" గొంతులో మళ్ళీ ఆ పాత మంటే. ఇంత జరిగాక కూడా ఆమెకి ముందుగా గుచ్చుకున్నది అదే. "నేను పరాయిదాన్నా?"

అత్తగారు తల ఇటు తిప్పింది.

"నీకు చెబితే ఏం చేస్తావే? ఆ పుస్తకం మూసి అటకెక్కించి, ఈ మంచంపట్టె మీద చతికిలబడతావు. ఆదివారం వచ్చేది నీకు తెలీను కూడా తెలీదు. నా కాలు విరిగిన పూట కంచం ముందు కూర్చుని కూర్చుని లేచిపోయావు, చూడలేదనుకున్నావా? అందుకేనే నీ దగ్గర ఏ జబ్బూ వెయ్యలేదు. అబద్ధపు దగ్గు దగ్గినా నీకు నిద్ర పట్టదు. చిన్నది గట్టి పిండం. దానికి వచ్చే ఏడాది ఉంది. నీకేముంది?"

ఆ మాటలకి రాయైనా కరగాలి. పెద్దకోడలూ కరిగింది. కళ్ళు నిండాయి. కానీ కరిగిన నీళ్ళ అడుగున ఇంకేదో గట్టిగా తగులుతూనే ఉంది. ఈ సంగతి ఇప్పుడు బయటపెడితే ఏమవుతుందో ఆమె కళ్ళకి కట్టింది. కొడుకులిద్దరూ తల్లిని ఆసుపత్రికి తీసుకుపోతారు. పక్కన ఒకరుండాలి, దుకాణంలో ఒకరుండాలి. ఆదివారం వస్తుంది, పోతుంది. వచ్చే ఏడాది ఇదే గుమ్మంలోంచి తెల్లబట్టలు కట్టుకుని చిన్నకోడలు కాలేజీకి బయల్దేరుతుంది. తను దబ్బనం నోట్లో పెట్టుకుని చూస్తూ ఉంటుంది.

"అక్కా, ఆ ప్రశ్నకి జవాబు మూడే. నాకు తెలుసు," అంది చిన్నకోడలు. ఏడుస్తోంది. "తెలిసే ఇన్నాళ్ళూ ఒకటి చేస్తున్నాను. నీ పరీక్ష అయిపోయేదాకా చెప్పనని మాటిచ్చాను. నా వల్ల కావట్లేదక్కా."

నా పరీక్ష కోసమా! చివరికి త్యాగంలో కూడా ఇదే నా కన్నా ముందుందా, అనుకుంది పెద్దకోడలు. ఆ అనుకోవడానికి సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే ఇంకోసారి అనుకుంది.

"ఇంక నువ్వు కూడా మాటివ్వు," అని అత్తగారు ఆమె చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుంది. "ఆదివారం ఎంతలో వస్తుందే? పరీక్ష రాసి రా. సోమవారం నేనే నా కొడుకులకి చెప్పుకుంటాను. ఇవ్వు మాట."

పెద్దకోడలి మూడు వేళ్ళూ అప్రయత్నంగా ఆ మణికట్టు మీదికే జారాయి. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. కుట్టు తప్పింది. ఇందాక సంబరంగా తను అరిచిన మాట చెవిలో మోగింది: ఉగ్గు తాగే పిల్లని అడిగినా చెబుతుంది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఒళ్ళంతా దూదితో పెద్దకొడుకు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటి, మీ నవ్వులు కిందిదాకా వినిపించాయి? అమ్మ నాడి ఎలా ఉందంట, నర్సమ్మగారూ?"

ఇక్కడ ఆపేస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. వారమంతా మీరు గోళ్ళు కొరుక్కుంటారు. కానీ శ్రద్ధగా చదివే మహాతల్లి ఎవరో ఈపాటికి నన్ను పట్టుకునే ఉంటుంది: మిషను తిరుగుతుంటే పిడుగు కూడా వినపడని మనిషికి మేడ మీది నవ్వు ఎలా వినపడిందయ్యా?

వినపడలేదు. ఆయన రాలేదు. మరిగిన నీళ్ళు, నేలకి బెత్తెడు ఎత్తున తేలడం లాంటి చిల్లర సంగతులు మీరు ఎలాగూ తీసి పక్కన పెట్టే ఉంటారు. మనసారా కల్పించింది మాత్రం ఇదొక్కటే, మెట్ల మీది ఆ చెప్పుల చప్పుడు. ఎవరైనా వచ్చి అడిగితే జవాబు చెప్పడం తేలిక. ఆ పిల్ల అవస్థ చూడలేక నేనే ఆయన్ని మెట్లెక్కించాను.

జరిగింది ఇది. ఎవరూ రాలేదు. ఎవరూ అడగలేదు. కింద మిషను తిరుగుతూనే ఉంది. పెద్దకోడలు మాట ఇవ్వలేదు, ఇవ్వననీ అనలేదు. అత్తగారి చేతుల్లోంచి తన చెయ్యి మెల్లిగా తీసుకుని, ఆ చేతిని దుప్పటి కింద పెట్టి, ముడత లేకుండా సర్ది, ఒక్కో మెట్టూ దిగింది. మొగుడు తలెత్తి, ఏంటన్నట్టు కనుబొమలెగరేశాడు. ఆమె పెదాలు కదిలాయి. ఆయనకేమీ వినపడలేదు, చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మిషను ఆపితే తప్ప ఆ ఇంట్లో ఏ మాటా మాట కాదు.

ఆమె వెళ్ళి స్విచ్చి మీద బొటనవేలు పెట్టింది. దాని కింద నాడి దడదడ కొట్టుకుంటోంది. అది ఎవరిదో ఇప్పుడు ఆమెకి తెలుసు.